గాలి పడుకున్నాక లేవాలి

ఈ ప్రయాణానికి పడవలవాళ్లు పెట్టుకున్న పేరుతోనే నాకు పేచీ. మెక్సికోలో బాజా కాలిఫోర్నియా ద్వీపకల్పానికి దక్షిణపు కొసన కాబో శాన్ లూకాస్ ఉంది. అక్కడి నుంచి తీరం పట్టుకుని అమెరికా సరిహద్దు దాటి శాన్ డియాగో చేరాలంటే దాదాపు 750 నాటికల్ మైళ్లు, అంటే 1400 కిలోమీటర్లకు కాస్త తక్కువ. ఏడాదిలో ఎక్కువ రోజులు వాయవ్యం నుంచే గాలి వీచే ఆ తీరంలో వెళ్లాల్సింది కూడా వాయవ్యానికే. అందుకని దీన్ని అందరూ బాజా బ్యాష్ అంటారు. బ్యాష్ అంటే బాదుడు. అలలు పడవను బాదుతాయి, పడవ తనలో ఉన్న మనుషులను బాదుతుంది.

పేరులోనే బాదుడు ఉన్నాక, దెబ్బలు తినడం ఈ దారికి సుంకం లాంటిదని మనసు ముందే ఒప్పేసుకుంటుంది. తప్పించుకునే మార్గం వెతకడం మానేస్తుంది. నేను ఈ దారిలో రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి ఆ పేరును నమ్మాను, రెండోసారి నమ్మలేదు. పడవ అదే, పది మీటర్ల పాతది. అడుగున అదే 30 హార్స్‌పవర్ డీజిల్ ఇంజను. రెండుసార్లూ ఏప్రిల్ నెలే. తేడా అంతా ఏ గంటకు లంగరు ఎత్తాం అన్నదాని దగ్గరే వచ్చింది.

మన భాషలో ఎదురీత అంటే గౌరవం. ప్రవాహానికి ఎదురు ఈదినవాడిని మెచ్చుకుంటాం, గాలివాటంగా బతికేవాడిని తేలిక చేసి మాట్లాడతాం. ఆ మాటల మధ్యే పెరిగాను కాబట్టి గాలికి ఎదురు నిలవడంలో ఏదో గొప్పతనం ఉందని నేనూ అనుకున్నాను. సముద్రం మీద ఈ లెక్క చెల్లదు. అక్కడ గాలివాటం ఎరిగినవాడే ఎదురు వెళ్లగలడు. ఎరగనివాడు ఎంత ధైర్యవంతుడైనా ఒకే చోట నీళ్లు చిమ్ముకుంటూ ఉండిపోతాడు.

ముందుగా, చాలామంది ఎందుకు మోసపోతారో చెప్పాలి. ఉత్తరం నుంచి దక్షిణానికి అదే తీరంలో దిగివచ్చినప్పుడు ప్రయాణం హాయిగా ఉంటుంది. వెనక నుంచి 15 నాట్స్ గాలి, పడవ వేగం 5 నాట్స్. మనకు తగిలేది 10 నాట్స్ మాత్రమే. (నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు, 1.85 కిలోమీటర్లు.) తిరుగు ప్రయాణంలో అదే 15 నాట్స్ గాలికి 45 డిగ్రీల కోణంలో, అదే 5 నాట్స్‌తో వెళ్తే తగిలే గాలి 19 నాట్స్‌కు దగ్గర పడుతుంది. గాలి ఒత్తిడి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి పడవ మీద పడే తోపు మూడున్నర రెట్లు. సముద్రం మారలేదు, గాలీ మారలేదు. మనం వెనక్కి తిరిగాం, అంతే. దిగివచ్చిన రోజుల జ్ఞాపకంతో ఎక్కడానికి తేదీలు వేసుకునేవాళ్లు ఇక్కడే దెబ్బ తింటారు.

దూరం సంగతీ అంతే. తెరచాప పడవ గాలిలోకి నేరుగా వెళ్లలేదు. కాసేపు కుడికి ఏటవాలుగా, కాసేపు ఎడమకు ఏటవాలుగా మళ్లుతూ ఎక్కాలి. కొత్త పడవల కరపత్రాల్లో కోణం 45 డిగ్రీలో, అంతకంటే తక్కువో రాసి ఉంటుంది. సామాను నిండిన చిన్న పడవ, పొట్టి అలల్లో, పక్కకు జారడం కూడా కలుపుకుంటే నిజంగా నడిచే కోణం 55 దాకా వస్తుంది. ఆ కోణంలో 100 మైళ్లు ముందుకు పోవాలంటే 174 మైళ్లు నడవాలి.

మొదటిసారి మాతో వచ్చిన మిత్రుడికి తిరుగు విమానం టికెట్ ఉంది. పన్నెండు రోజుల్లో శాన్ డియాగో చేరాలి. ఆ టికెట్టే మా పడవను నడిపింది. పొద్దున పది గంటలకు కాబో నుంచి బయలుదేరాం, ఎందుకంటే సామాను సర్దడం అప్పటికి పూర్తయింది. అంతకు మించి ఆ గంటను ఎంచుకోవడానికి మా దగ్గర కారణమే లేదు. కొద్ది మైళ్లు వెళ్లేసరికి కాబో ఫాల్సో వచ్చింది. అక్కడ తీరం మలుపు తిరుగుతుంది. గాలి ఆ మూలను చుట్టుకునేటప్పుడు ఇరుకు సందులో దూరినట్టు వేగం పుంజుకుంటుంది. అప్పటిదాకా 12 నాట్స్ చూపించిన మీటరు 25 చూపించింది.

పడవ అల మీదికి ఎక్కుతుంది. ముక్కు గాలిలోకి లేస్తుంది, ఒక్క క్షణం కింద ఏమీ లేనట్టు ఉంటుంది. తర్వాత ఆరు టన్నుల బరువు అల వెనుక గుంటలో పడుతుంది. ఆ చప్పుడు నీటిది అనిపించదు, గోడ మీద గోడ పడినట్టు ఉంటుంది. అల్మారాల తలుపులు తెరుచుకుంటాయి, పళ్లు కలుక్కుమంటాయి. 5 నాట్స్ వేగం ఆ దెబ్బతో 2కి పడిపోతుంది. ఇంజను మళ్లీ నెమ్మదిగా 3కి, 4కి లాగుతుంది. అప్పటికి ఇంకో అల. ఇలా ఏడేసి సెకన్లకు ఒకటి చొప్పున రోజంతా.

రెండో రాత్రి రెండు గంటలకు ఇంజను ఆగిపోయింది. డీజిల్ ట్యాంకు అడుగున ఏళ్ల తరబడి పేరుకున్న మురికి అలల కుదుపుకు లేచి ఫిల్టర్‌లోకి చేరింది. ఫిల్టర్ కింద గాజు గిన్నెలో కాటుక కలిపినట్టు నల్లటి ద్రవం. నా భార్య టార్చి పట్టుకుంది. నేను బోర్లా పడుకుని పాత ఫిల్టర్ విప్పి కొత్తది బిగించాను. ఆ తర్వాత గొట్టాల్లో చిక్కిన గాలిని బయటికి పంపాలి. పైనున్న చిన్న మర వదులు చేసి, చేతి పంపు మీటను బొటనవేలితో నొక్కుతూ ఉంటే ముందు నురగ వస్తుంది, తర్వాత బుడగలు కలిసిన డీజిల్, ఆఖరికి తేటగా, బుడగ లేని ధార. ఆ ధార కనిపించాక మర బిగించాలి. నిలకడగా ఉన్న చోట పది నిమిషాల పని. అక్కడ నలభై నిమిషాలు పట్టింది. చేతుల నిండా డీజిల్, ఆ వాసనకు కడుపులో తిప్పు. పైకి వచ్చి చూస్తే రెండు మైళ్లు వెనక్కి కొట్టుకుపోయాం. ఆ రెండు మైళ్లు సంపాదించడానికి అంతకు ముందు గంటకు పైగా దెబ్బలు తిన్నాం.

పడవ మళ్లీ కదిలాక నా భార్య అడిగిన ప్రశ్న ఇప్పటికీ చెవుల్లో ఉంది. "ఇంతకీ మనల్ని ఎవరు తరుముతున్నారు?"

ఆ ప్రశ్నకు జవాబు విమానం టికెట్. మాగ్డలీనా అఖాతం చేరాక మిత్రుడు అక్కడే దిగి రోడ్డు దారిన వెళ్లిపోయాడు. ముందే దిగి ఉంటే ముగ్గురికీ బాగుండేది. మిగతా దూరం మేమిద్దరం ఇంకో నెల రోజులు, ఎక్కువగా పగళ్లే, దెబ్బలు తింటూనే ముగించాం. అలవాటు అంత త్వరగా పోదు.

ఆ తీరం గాలి ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే ఎప్పుడు ఆగుతుందో కూడా తెలుస్తుంది. ఉత్తర పసిఫిక్ మీద పెద్ద అధిక పీడన ప్రాంతం ఉంటుంది. తూర్పున ఎండకు కాలే ఎడారి నేల మీద అల్పపీడనం నిలుస్తుంది. ఈ రెండింటి మధ్య గాలి తీరం పొడవునా వాయవ్యం నుంచి ఆగ్నేయానికి పారుతుంది. వసంతంలో, వేసవి మొదట్లో ఈ తేడా పెరిగి గాలి జోరందుకుంటుంది. కాలిఫోర్నియా ప్రవాహం కూడా దక్షిణం వైపే, అంటే మనకు ఎదురుగానే, మెల్లగా పారుతూ ఉంటుంది. ఇదంతా రోజుల తరబడి ఉండే సంగతి. దీని మీద రోజువారీ గాలి ఒకటి వచ్చి చేరుతుంది. పొద్దెక్కేకొద్దీ నేల వేడెక్కి సముద్రపు గాలిని లాగుతుంది. మధ్యాహ్నం మూడింటికి అది పతాక స్థాయిలో ఉంటుంది. పొద్దు గూకాక సడలుతుంది. అర్ధరాత్రి దాటాక నేల చల్లబడి, ఒడ్డుకు దగ్గరగా కొన్నిసార్లు గాలి ఆగినట్టే ఉంటుంది, కొన్నిసార్లు నేల మీద నుంచే సన్నగా వీస్తుంది. అక్కడి చేపల పడవలను చూడండి. వాళ్లు చీకటి ఉండగానే వెళ్తారు, మధ్యాహ్నానికల్లా తిరిగొస్తారు. పటాలూ పుస్తకాలూ ముందేసుకుని మేము కనుక్కున్నది వాళ్ల దినచర్యలోనే ఉంది.

గాలి ఉన్నప్పుడే తూర్పారబట్టుకోవాలని సామెత. ఇక్కడ దాన్ని తిరగేసి చదువుకోవాలి. గాలి లేని గంటలే మన పంట.

ఇందులో ఒక మెలిక ఉంది, దాన్ని నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. గాలి పడిపోగానే బయలుదేరకూడదు. గాలి ఆగినా అది లేపిన పొట్టి అలలు వెంటనే ఆగవు. రాత్రి పది గంటలకు గాలి తగ్గితే, పది గంటలకే లంగరు ఎత్తినవాడికి గాలి లేని అలలు దొరుకుతాయి. గాలి ఉన్న అలల కంటే అవి ఒక విధంగా నీచం. తెరచాపకు పట్టు ఉండదు, పడవ ఊయలలా పక్కలకు ఊగుతుంది, ముక్కు మాత్రం గుంటల్లో పడుతూనే ఉంటుంది. మూడు నాలుగు గంటలు ఆగాలి. రెండింటికి లేస్తే నీరు చాలావరకు సర్దుకుని ఉంటుంది, దూరం నుంచి వచ్చే పొడవాటి అలలు మాత్రమే మిగులుతాయి. అవి పడవను ఎత్తి దించుతాయి, బాదవు. రెండు నుంచి పదకొండు దాకా తొమ్మిది గంటలు, గంటకు 5 మైళ్ల చొప్పున 45 మైళ్లు. పగలు పద్దెనిమిది గంటలు పోరాడి నేను సంపాదించిన రోజులు దీనికంటే చాలా ఎక్కువేమీ ఇవ్వలేదు.

ఇంజను వాడడం తప్పని వాదించేవాళ్లు ఉన్నారు. వాళ్లను నేను గౌరవిస్తాను, వాళ్ల నైపుణ్యం నాకు లేదు. అయినా ఈ తీరంలో తెరచాప, ఇంజను రెండూ కలిపి వాడడమే సరైన పద్ధతని నా నమ్మకం. ఇంజను ఒక్కటే పెట్టుకుని నేరుగా గాలి ముఖంలోకి దూసుకెళ్లడం కూడా అంతే తప్పు. లెక్క చూడండి. 18 నాట్స్ గాలిలోకి సూటిగా వెళ్తే అలలు ఆపేస్తుండగా నా పడవ సగటు వేగం 3.5 నాట్స్. ముక్కును 25 డిగ్రీలు పక్కకు తిప్పి, పెద్ద తెరచాపను బిగించి ఉంచితే చాపకు కాస్త గాలి అందుతుంది, పడవ ఒక పక్కకు ఒరిగి నిలకడ పడుతుంది, అలను ముక్కుతో గుద్దే బదులు భుజంతో తోసుకుంటూ వెళ్తుంది. వేగం 5 నాట్స్. 25 డిగ్రీలు తిరిగినందుకు పోయేది పదో వంతు కంటే తక్కువ. గమ్యం వైపు గంటకు 4.5 మైళ్లు మిగులుతుంది. సూటిగా వెళ్లినవాడి కంటే ఒక మైలు ఎక్కువ, పళ్లు కూడా నోట్లోనే ఉంటాయి. చుక్కాని పట్టినవాడికి దారి చూపించే పరికరం తెరమీది గీత గమ్యానికి పక్కగా పోతుంటే ప్రాణం ఒప్పదు. ఆ గీతను చూడడం మానేసి, గమ్యం వైపు నిజంగా తరుగుతున్న మైళ్లనే చూడమని మా పడవలో నియమం పెట్టుకున్నాం.

ఇంజను లేని రోజుల్లో ఏం చేశారు? స్పెయిన్ తరఫున ఈ తీరం వెతకడానికి వెళ్లిన నావికుడు కాబ్రియో 1542 జూన్ 27న మెక్సికో పశ్చిమ తీరంలోని నావిదాద్ నుంచి బయలుదేరి సెప్టెంబరు 28న శాన్ డియాగో చేరాడు. మూడు నెలలు. స్పెయిన్ పంపిన మరో నావికుడు విస్కాయినో 1602 మే 5న ఆకాపుల్కోలో బయలుదేరి నవంబరు 10న శాన్ డియాగో చేరాడు. ఆరు నెలలు. 1769లో స్పెయిన్ పంపిన రెండు ఓడల కథ నాకు ఇంకా ఆసక్తిగా ఉంటుంది. శాన్ కార్లోస్ జనవరిలో లా పాస్ నుంచి బయలుదేరింది. శాన్ ఆంటోనియో ఒక నెల తర్వాత, ఫిబ్రవరి 15న, ద్వీపకల్పం కొస నుంచి బయలుదేరింది. వెనక బయలుదేరిన శాన్ ఆంటోనియో ఏప్రిల్ 11నే చేరింది. ముందు బయలుదేరిన శాన్ కార్లోస్ 110 రోజులు సముద్రం మీద ఉండి ఏప్రిల్ 29న చేరేసరికి అందులోని నావికులు స్కర్వీ వ్యాధితో లేవలేని స్థితిలో ఉన్నారు. నీటి పీపాలు కారిపోవడం, గాలికి దారి తప్పి దూరంగా కొట్టుకుపోవడం, దురదృష్టం, అన్నీ అందులో ఉన్నాయి. ఓపిక పట్టినవాడికి దక్కిన బహుమానంగా దీన్ని చూపిస్తే అన్యాయం అవుతుంది. ఒక్కటి మాత్రం ఖాయం. ఆ తీరంలో ముందు బయలుదేరినవాడు ముందు చేరతాడన్న హామీ ఆ రోజుల్లోనూ లేదు.

అంతకు ముందు పోర్చుగీసు నావికులకు ఇదే చిక్కు ఆఫ్రికా పశ్చిమ తీరంలో ఎదురైంది. తీరం వెంట దక్షిణానికి తేలిగ్గా దిగారు, తిరిగి ఎక్కాలంటే గాలి, ప్రవాహం రెండూ ఎదురు. వాళ్లు తీరాన్ని వదిలేసి వాయవ్యంగా నడి అట్లాంటిక్‌లోకి వెళ్లి, అజోర్స్ దీవుల అక్షాంశం దగ్గర పడమటి గాలులు పట్టుకుని ఇంటికి మళ్లారు. దానికి వోల్టా దో మార్ అని పేరు పెట్టుకున్నారు, సముద్రపు మలుపు అని. అంత దూరం చుట్టూ తిరగడాన్ని వాళ్లు ఓటమిగా చూడలేదు. ఆ పేరులో మలుపు ఉంది, బాదుడు లేదు. ఈనాటికీ బాజా నుంచి కొందరు తెరచాప మీదే నమ్మకం పెట్టుకుని వందల మైళ్లు పడమటికి, లోతు సముద్రంలోకి వెళ్లి, తర్వాత ఉత్తరానికి మళ్లుతారు. పెద్ద పడవకు, నిద్రను పంచుకోగల మనుషులకు అది మంచి దారే. ఇద్దరే ఉన్న చిన్న పడవకు నేను చెప్పను.

నా వాదనకు వచ్చే గట్టి ఎదురు ప్రశ్న ఒకటుంది. ఆగుతూ పోతే ఎంతకాలం? తూర్పు పసిఫిక్‌లో తుపానుల కాలం మే 15న మొదలవుతుంది. పడవల బీమా ఒప్పందాల్లో ఫలానా తేదీకల్లా ఫలానా అక్షాంశానికి ఉత్తరాన ఉండాలని షరతు ఉంటుంది. ఈ తేదీలు ఊహలు కావు. మధ్యాహ్నపు గాలిలో బయలుదేరేవాళ్లలో ఎక్కువమంది ఈ గడువుకు భయపడే వెళ్తారు, వాళ్ల భయం అర్థం లేనిది కాదు. కానీ గడువు దగ్గర పడ్డాక ఓపిక పట్టమని ఎవరూ చెప్పలేరు. ఓపిక కోసం రోజులు ముందే దాచిపెట్టాలి. రెండోసారి మేము ఏప్రిల్ మొదటి వారంలోనే బయలుదేరాం, పడవలోకి టికెట్ ఉన్న ఎవరినీ ఎక్కించుకోలేదు. ఆరు వారాలు చేతిలో ఉంచుకున్నాం. నాలుగు వారాలు పట్టింది, అందులో పదకొండు రోజులు లంగరు మీదే.

ఆగడం ఊరికే కూర్చోవడమని అనుకోవద్దు. ట్యాంకు అడుగు మురికిని పంపుతో తోడేశాం, మొదటి ప్రయాణం నేర్పిన పాఠం అది. రోజుకు రెండుసార్లు ఉపగ్రహ ఫోను మీద గాలి అంచనాలు దించుకున్నాం. ఆ అంచనాలు సముద్రాన్ని గడులుగా విడదీసి ఒక్కో గడికి ఒక సగటు చెబుతాయి. భూశిరాల దగ్గర గాలి పుంజుకోవడం ఆ గడుల్లో పట్టదు. అందుకే అంచనాలో 12 ఉంటే భూశిరం దగ్గర 20 ఉంటుందని లెక్క వేసుకుని, ప్రతి భూశిరాన్నీ తెల్లవారుజామునే దాటేలా బయలుదేరే గంటను వెనక్కి లెక్కించుకున్నాం. అన్ని మజిలీల మధ్యా 45 మైళ్లే ఉండవు. కాబో నుంచి మాగ్డలీనా అఖాతానికే 150 మైళ్లకు పైన. అలాంటి చోట రెండు మూడు రోజుల శాంతమైన వాతావరణం ఒకేసారి దొరికేదాకా కదల్లేదు. రాత్రి ప్రయాణంలో అపాయాలూ ఉన్నాయి. ఒడ్డుకు దగ్గరగా వల తాళ్లు, ఎండ్రకాయల బుట్టలకు కట్టిన తేలే బుడ్లు చీకట్లో కనిపించవు. తాడు ఇంజను పంకాకు చుట్టుకుంటే ఆ రాత్రి అక్కడితో సరి. అందుకే లోతు తక్కువ ఉన్న చోట్లు వదిలి కాస్త బయటికి జరిగి వెళ్లేవాళ్లం.

రెండో ప్రయాణంలో టర్టల్ బే దగ్గర నాలుగు రోజులు ఆగాం. అది సగం దారి. చుట్టూ కొండలు చేయి అడ్డం పెట్టినట్టు ఉండే అఖాతం, బయట ఎంత గాలి ఉన్నా లోపల అల లేవదు. మా పక్కన ఇంకో పడవ లంగరు వేసుకుని ఉంది. మా కంటే పెద్దది, ఇంజను కూడా పెద్దదే. రెండో రోజు మధ్యాహ్నం వాళ్లు బయటికి వెళ్లారు. పుంటా యూహేనియా మూల దాకా వెళ్లి, చీకటి పడ్డాక తిరిగొచ్చి మళ్లీ అదే చోట లంగరు వేశారు. మర్నాడు వాళ్ల యజమాని చిన్న పడవలో మా దగ్గరికి వచ్చాడు. కళ్ల కింద నల్లగా ఉంది. ఎప్పుడు వెళ్తున్నారని అడిగాడు. ఎల్లుండి రాత్రి రెండింటికి అన్నాను. ఉదయం ఏడింటికి వెళ్తే తేడా ఏముంటుందని వాదించాడు, వెలుతురైనా ఉంటుంది కదా అన్నాడు. ఏడింటికి వెళ్తే మూల దాటేసరికి గాలి లేస్తుందని, సెద్రోస్ దీవి చాటుకు చేరేలోపే అది పూర్తిగా ఎదురవుతుందని పటం మీద చూపించాను. అతను తల అడ్డంగా ఆడించి వెళ్లిపోయాడు.

అనుకున్న రాత్రి ఒంటిగంటా నలభైకి లేచాను. బయటికి వచ్చి టార్చి వెలుగు నీళ్ల మీద వేస్తే ముడత లేదు. లంగరు గొలుసు నిటారుగా వేలాడుతోంది. నా భార్య ఇంజను తిప్పింది. నేను గొలుసు లాగుతుంటే బురద వాసన పైకి వచ్చింది. ఆఖరి పది మీటర్లు ఉండగా పక్క పడవలో దీపం వెలిగింది, తర్వాత వాళ్ల ఇంజను చప్పుడు వినిపించింది.

మూల దాటేటప్పుడు గాలి 6 నాట్స్. తెల్లవారేసరికి సెద్రోస్ దీవి కనిపించింది, 1200 మీటర్లు దాటిన శిఖరం మీద మబ్బు దుప్పటి కప్పుకుని. దీవి తూర్పు పక్క చాటుకు చేరి లంగరు వేసినప్పుడు టైము పది నలభై. పదకొండున్నరకు బయట నీళ్ల మీద తెల్లటి నురగలు మొదలయ్యాయి. వాళ్లు మా వెనక అరగంటకు వచ్చారు. లంగరు వేసుకుని, డెక్కు మీదే పడుకుని నిద్రపోయారు.